నాలుగో పొగగొట్టం

"సఫీనాకు ఈసారి తెల్లరంగు వేద్దాం" అని సాలిం బాబా తాపీగా అన్నప్పుడు సుబ్బలక్ష్మమ్మ చేతిలో చాయ్ గ్లాసు ఉంది. ఆ గ్లాసు గోడకు తగలకుండా క్షేమంగా బాబా చేతిలోకే వెళ్ళిందంటే, అది ఆమెను కన్నతల్లి పెంపకం గొప్ప. లోపల మాత్రం ఒళ్ళంతా కారం పూసినట్టు మండిపోయింది.

సఫీనా అంటే ఓడ. వచ్చినవాళ్ళను కూర్చోబెట్టే ముందుగదిలో, ఒక మనిషి కాళ్ళు చాపుకుని పడుకున్నంత పొడవున ఉంటుంది ఆ కొయ్య ఓడ. దాన్ని బాబా తన చేతులతో చేస్తున్నాడు. చేస్తూనే ఉన్నాడు. "ఓడ పని అయిపోగానే నిన్ను ఊరికి పంపిస్తా" అని ఆయన మాటిచ్చేనాటికి ఒమాన్‌లోని ఆ సమాయిల్ ఊళ్ళో చలికాలం. ఇప్పుడు పెరట్లో ఖర్జూరపు గెలలు పసుపు తిరుగుతున్నాయి. అక్కడ రాయచోటి దగ్గరి పల్లెలో ఆమె ఒక్కగానొక్క కూతురు ఈశ్వరికి నెలలు నిండుతున్నాయి. తొలి కానుపు. తొలి కానుపు పుట్టింట్లో జరగాలంటారు. పుట్టిల్లంటే నాలుగు గోడలా? తల్లి కదా! ఆ తల్లేమో ఒమాన్‌లో కూర్చుని ఒక ముసలాయన బొమ్మ ఓడకు దుమ్ము తుడుస్తోంది. ఇంతకంటే చోద్యం ఇంకెక్కడైనా ఉంటుందా?

నిజానికి సుబ్బలక్ష్మమ్మ ఆ ఇంటికి వచ్చింది ఓడ కోసం కాదు. బాబా భార్య మంచాన పడితే చూసుకోవడానికి వచ్చింది. అప్పటికి ఈశ్వరి పలక పట్టుకుని బడికి పోయే పిల్ల. మొగుడు జయరాముడు మంచివాడే గానీ మేకల వెనక తిరగడం తప్ప ఇంకో విద్య తెలియదు. వానలు మొహం చాటేస్తే మేకలు మాత్రం ఏం తింటాయి, వాటిని నమ్ముకున్నవాళ్ళు ఏం తింటారు? అందుకని విమానం ఎక్కింది. ఆ పెద్దామెను పసిబిడ్డను సాకినట్టు సాకింది. ఆమె పోయిన రోజు ఇంటి ఆడవాళ్ళతో సమానంగా ఏడ్చింది. ఆ తర్వాత బాబాకు వండిపెట్టే మనిషి కావాలన్నారు, ఉండిపోయింది. ఈ సందులో ఈశ్వరి పెద్దమనిషి అయిన వేడుకను ఫోన్‌లో చూసింది. పెళ్ళికి వెళ్ళింది గానీ పందిరి మీద ఆకులు ఎండకముందే తిరిగొచ్చింది. అందుకే కానుపుకు మాత్రం దగ్గరుంటానని కూతురి నెత్తిన చెయ్యి పెట్టి మరీ చెప్పింది.

ఆమె వీసా బాబా కొడుకు హమద్ పేరు మీద ఉంది. హమద్‌కు మస్కట్‌లో ఉద్యోగం, కాపురం. సెలవు అడిగితే "బాబా సరేనంటే ఆ రోజే టికెట్ తీస్తా" అంటాడు. బాబాను అడిగితే "బుక్రా" అంటాడు. బుక్రా అంటే అరబీలో రేపు. దాని వెనక ఒక ఇన్షా అల్లా. దేవుడి మీద పెట్టిన మాటకు ఎదురు చెప్పేదెవరు?

ఆ బొమ్మకు మూలమైన అసలు ఓడ పేరు సెల్డోనియా. సుబ్బలక్ష్మమ్మ దాన్ని "ఆ మహాతల్లి" అనేది. వద్దన్నా దాని పుట్టుపూర్వోత్తరాలన్నీ ఆమెకు నోటికి వచ్చేశాయి, ఎందుకంటే బాబాకు చెప్పుకోవడానికి ఇంకో మనిషి లేదు. నూరేళ్ళకు పైబడిన మాట. గ్లాస్గోలో పుట్టింది. లివర్‌పూల్‌లో జనాన్ని ఎక్కించుకుని అట్లాంటిక్ సముద్రం దాటించి న్యూయార్క్‌లో దించేది. పై అంతస్తుల్లో దొరలు పియానో వింటూ, పూలకుండీల మధ్య కాఫీలు తాగుతూ పోయేవారు. అడుగున పొట్ట చేతపట్టుకుని వలసపోయే బీదాబిక్కీ మూటల మధ్య మూటలై పోయేవారు. "అడుగునుండేది మా అట్లాటోళ్ళేలే బాబా" అనేది సుబ్బలక్ష్మమ్మ. ఆ ఓడలో ఆమెకు నచ్చిన ముక్క అదొక్కటే.

మొదటి ప్రపంచ యుద్ధం వచ్చాక దాన్ని ఇటువైపు సముద్రాలకు తెచ్చారట. అప్పుడు బాబా తాత సమాయిల్ నుంచి బొంబాయి చేరి, అందులో బొగ్గు వేసే పనికి కుదిరాడట. యుద్ధం అయ్యాక ఓడకు బొగ్గు మాన్పించి నూనె పోయడం మొదలుపెడితే బొగ్గు మనుషులందరినీ ఇళ్ళకు పంపేశారు. తాత ఆ ఓడ కథలు మూటగట్టుకుని ఊరికి వచ్చాడు. చివరికి దాన్ని కూడా ముక్కలు చేసి ఇనుము కింద అమ్మేశారు. మస్కట్ రేవులో ఉద్యోగం చేసి దిగిపోయిన బాబాకు, పెళ్ళాం పోయాక, ఆ ఓడను మళ్ళీ పుట్టించాలని బుద్ధి పుట్టింది. బాగుంది. తాత మీద ప్రేమ ఎవరికుండదు? కానీ ఆ ఓడ బతికినన్నాళ్ళు ఎన్ని వేషాలు కట్టిందో అన్నీ ఈ బొమ్మతో కట్టిస్తానంటే ఎట్లా?

మొదట ఒళ్ళు నలుపు, పైన తెలుపు. అది పుట్టినప్పటి రంగు. అయిపోయిందని సుబ్బలక్ష్మమ్మ బీరువా మీది సూట్‌కేసు దింపింది. రంగు ఆరీ ఆరకముందే బాబాకు గుర్తొచ్చింది, తాత ఎక్కింది యుద్ధంలో కదా అని. శత్రువులకు గురి కుదరకుండా అప్పుడు ఓడ ఒంటినిండా అడ్డదిడ్డంగా చారలు పూసేవారట. నలుపంతా గీకి చారలు వేశాడు. చూస్తే కళ్ళు తిరిగేవి. సూట్‌కేసు బీరువా ఎక్కింది. చారలు ఆరాయో లేదో, ఇదిగో, తెల్లరంగు. తాత ఎక్కిన ఏడాదికి దాన్ని గాయపడ్డ సైనికులకు ఆస్పత్రి చేశారట. ఆస్పత్రి ఓడంటే ఒళ్ళంతా తెలుపు, నడుముకు పచ్చ పట్టీ, పక్కన ఎర్ర శిలువలు ఉండాలట. పూటకో రంగు మార్చడానికి అది ఓడా, ఊసరవెల్లా?

పోనీ రంగు ఆయనే వేసుకుంటాడు కదా అనుకుందామా అంటే, చాకిరీ ఎవరిది? సమాయిల్ లోయలో గాలి లేచిందంటే ఇల్లంతా మట్టి. తడి రంగుకు మట్టి అంటితే తప్పు కిటికీ తెరిచిన సుబ్బలక్ష్మమ్మది. కిటికీ మూస్తే రంగు కంపుకు బాబాకు దగ్గు. ఆ తప్పూ ఆమెదే. ఓడ కిటికీలు ఒక్కొక్కటీ పెసరగింజంత. వాటిని సన్నటి కుంచెతో తుడుస్తుంటే మెడలు పట్టేసేవి. గోరుచుట్టు మీద రోకటిపోటు లాగా ఆ సాయంత్రమే ఈశ్వరి ఫోన్ చేసింది.

"అమా, ఈ నెలాఖరు దాటదంట, డాక్టరమ్మ చెప్పింది. నువ్వొచ్చేది ఉండాదా లేదా?"

"వస్తా తల్లీ. ఈ ఓడ ఒకటి..."

"ఇంగా ఓడ కథేనా? రాలేకుంటే రాలేనని చెప్పుమా. మా అత్త చేస్తానంటాంది. ఆమె చేస్తాదిలే."

ఈశ్వరి కోపంగా అని ఉంటే బాగుండేది. ఆమె చేస్తాదిలే అని మామూలుగా అంది.

పక్కింట్లో పనిచేసే హసీనాది కూడా రాయచోటి వైపే. గోడ దగ్గర నిలబడి ఆమె చెప్పిందంతా విని, "అక్కా, ఆ ముసిలాయన నిన్ను ఆడిస్తాండాడు. ఆ ఓడ అయ్యేది కాదు, నువ్వు పొయ్యేది కాదు. ఏదో ఒకటి చేసి నువ్వే అయిపోయిందనిపించు" అంది.

సరే, అదీ చూద్దామనుకుంది. అడక్కముందే డబ్బాల మూతలు తీసింది, కుంచెలు కడిగింది, గాలి వీచే వేళ గుమ్మానికి తడిదుప్పటి కట్టింది. బాబా ఇంకో మాట ఎత్తబోతే చాయ్ ఇచ్చి నోరు మూయించింది. మొత్తానికి ఓడ తెల్లబడింది, పచ్చ పట్టీ పడింది, శిలువలు పడ్డాయి. "ఇక పొగ ఒక్కటే. పొగ పెడితే ఖలాస్" అన్నాడు బాబా. పొగకు దూది కావాలన్నాడు. సుబ్బలక్ష్మమ్మ గదిలో దీపానికి వత్తులు చేసుకునే దూది ఉంది, పరుగున తెచ్చింది. ఆయన దానికి కాస్త మసి అద్ది, మొదటి గొట్టానికి అంటించాడు, రెండోదానికి, మూడోదానికి. వెనక్కి జరిగి తల వంచి చూశాడు.

"అయిపోయినట్టేనా బాబా?"

"బుక్రా చూద్దాం. ఇన్షా అల్లా" అని మధ్యాహ్నపు నమాజుకు లేచి, అటునుంచటే పడకగదిలోకి వెళ్ళాడు.

ఆమె బల్ల తుడవడానికి వచ్చి చూస్తే నాలుగో గొట్టం బోసిగా ఉంది. మతిమరుపు ముసలాయన, మరిచిపోయాడనుకుంది. అంతటితో ఊరుకునేదేమో గానీ ఆమెకు అక్కడినుంచి కాలు కదల్లేదు. వాళ్ళమ్మ ఊళ్ళో పెళ్ళిళ్ళకు వడ్డనకు పోయేది. చిన్నప్పుడు సుబ్బలక్ష్మమ్మ ఒకసారి బంతిలో ముగ్గురికి పాయసం వేసి, నాలుగో మనిషి ఊళ్ళో తిని తిరిగే సోమరి అని, అతన్ని దాటి ముందుకు పోయింది. వాళ్ళమ్మ అందరి ముందే చేతిమీద గరిటెతో ఒకటి పెట్టింది. ఒకే బంతిలో కూర్చోబెట్టి ఒకరికి వేసి ఒకరికి మానితే పెట్టిన అన్నమంతా పాపమైపోతుందని చెప్పింది. ఆ దెబ్బ ఇప్పటికీ ఆ చేతికి గుర్తే. అందుకని మిగిలిన దూదిని అరచేతుల మధ్య వత్తిలాగా నులిమి, కొస విప్పి, మసి అద్ది, నాలుగోదానికి పొగ పెట్టింది. మిగతా మూడింటికంటే ఇదే బాగా కుదిరింది. నిమ్మళంగా పోయి సూట్‌కేసు దింపుకుంది.

సాయంత్రం బాబా కేక వినపడింది.

"దీనికి పొగ ఎవరు పెట్టారు?"

"నేనే బాబా. మీరు మరిచిపోయినారు."

"మరిచిపోలేదు. ఇది ఉత్తుత్తి గొట్టం. గొట్టాలు ఎక్కువుంటే ఓడ గట్టిదని జనం అనుకునేవారు, అందుకని కంపెనీ చూపు కోసం పెట్టింది. దీని కింద మంట లేదు. బొగ్గు లేదు. ఏ పనీ లేదు." అంటూ దూది పీకాడు. దూదితోపాటు రంగు పెచ్చు ఊడి వచ్చింది. బాబా ఆ పెచ్చును వేళ్ళ మధ్య పట్టుకుని చూశాడు. ఆయన మొహంలో కోపం కంటే తీరిక ఎక్కువ కనపడింది. "పోయింది. గొట్టాలన్నిటికీ మళ్ళీ రంగు వేయాలి. బుక్రా..."

ఇక సుబ్బలక్ష్మమ్మ వల్ల కాలేదు. అరబీ, హిందీ, తెలుగు మూడూ కలిసి ఒక్కసారే నోట్లోంచి వచ్చాయి.

"బుక్రా లేదు బాబా. చలికాలం నుంచీ మీ బుక్రా వింటాండా. నా బిడ్డ ఆగుతాదేమో గానీ దాని కడుపులో ఉండే బిడ్డ మీ రంగు ఆరేదాకా ఆగదు. మీ ఇంటామెకు నా చేతులతో నీళ్ళు పోసినా. నా బిడ్డకు పొయ్యొద్దా? పంపించను అని చెప్పండి, ఏడ్చి ఊరుకుంటా. ఈ ఓడను అడ్డం పెట్టి ఆడించొద్దు."

బాబా ఆ పెచ్చును బల్ల మీద పెట్టాడు. తల ఎత్తకుండానే చెప్పాడు. "ఓడ అయిపోతే నువ్వు పోతావు. హమద్ వచ్చి ఓడను మస్కట్ తీసుకుపోతాడు, దాంతోపాటు నన్నూ. ఈ ఇంటికి తాళం పడుతుంది. అట్లా మాటయింది మాకు. నువ్వు మనవణ్ణి ఎత్తుకున్నాక తిరిగొస్తావా? అక్కడ నాకేం పని? కూర్చోబెడితే కూర్చోవడం."

సుబ్బలక్ష్మమ్మకు జాలి వేసిన మాట నిజం. అంతకు మించి ఒళ్ళు మండిన మాటా నిజం. ఈ ముక్క చలికాలంలోనే చెప్పి ఏడిస్తే ఇద్దరూ ఇన్నాళ్ళు రంగు డబ్బాల మధ్య చావకపోదురు కదా! తాడిచెట్టు ఎందుకెక్కావురా అంటే దూడమేతకు అన్నట్టుంది వ్యవహారం. కింద పడ్డ దూది ఏరసాగింది.

"ఏ పనీ చేయని దానికి ఎందుకు పెట్టావు పొగ?" అని ఈసారి బాబా మెల్లగా అడిగాడు.

"పని చేస్తాదో లేదో నాకెట్ల తెలుస్తాది బాబా? అది కూడా బంతిలోనే కూర్చోనుండాది. బంతిలో కూర్చున్నంక, నువ్వేం పని చేస్తావని అడిగి వడ్డిస్తామా?"

నలుగురూ ఒకే పళ్ళెం చుట్టూ కూర్చుని తినే ఇంట్లో పెరిగిన మనిషికి ఆ మాట వేరే విడమరిచి చెప్పాల్సిన పని లేదు. బాబా ఆమె చేతిలోని దూది తీసుకున్నాడు. రంగు ఊడిన మచ్చ మీదే జిగురు రాసి, నాలుగో గొట్టానికి పొగ తిరిగి పెట్టాడు. వేలితో కాస్త సర్దాడు.

"ఖలాస్" అన్నాడు. "ఫోన్ ఇటివ్వు. హమద్‌తో మాట్లాడాలి."

ఆమె ఇల్లు చేరాక ఈశ్వరికి నొప్పులు వచ్చాయి. కానుపు గదిలోకి పోతూ ఈశ్వరి తల్లి చెయ్యి నొప్పి పుట్టేలా పట్టుకుంది, అత్త పేరు ఎత్తలేదు. ఆడపిల్ల పుట్టింది. సుబ్బలక్ష్మమ్మ తన చేతులతో బిడ్డకు నీళ్ళు పోసింది, సాంబ్రాణి పట్టింది, తల్లికి పథ్యం వండింది. మగపిల్లాడు కాదేమని ఎవరో గొణిగితే నోటికొచ్చినట్టు తిట్టింది.

పురుడు వెళ్ళిన మర్నాడు బాబా వీడియో కాల్ చేశాడు. మస్కట్‌లో హమద్ ఇంట్లో ఉన్నాడు. వెనక ఓడ, నాలుగు పొగలతో. ఫిర్యాదులే ఫిర్యాదులు. ఓడకు దుమ్ము తుడిచే దిక్కులేదు, చాయ్‌లో చక్కెర ఉండదు, వచ్చినవాళ్ళంతా నాలుగోదానికి పొగ పెట్టడం తప్పని చెప్పడానికి వస్తున్నారు.

"మీరేం చెప్పినారు?"

"బంతిలో ఉంది, వడ్డించామని చెప్పాను" అన్నాడు బాబా. పాపను చూపించమన్నాడు. పాప పిడికిళ్ళు బిగించి ఆవులించింది. ఆయన నవ్వాడు. తర్వాత అడిగాడు. "ఎప్పుడొస్తావు?"

మంచం మీద పడుకున్న ఈశ్వరి కళ్ళు తెరిచి తల్లి వైపు చూసింది. సుబ్బలక్ష్మమ్మ పాపను ఒడిలోకి ఇంకాస్త దగ్గరగా లాక్కుంది. ఎన్ని నెలలు ఆ మాటకు పళ్ళు కొరికిందో, ఆ మాటే నోటికి వచ్చింది.

"బుక్రా బాబా" అంది. "ఇన్షా అల్లా."

ఆ మాటకు అర్థం ఆయనకంటే బాగా ఎవరికి తెలుసు? బాబా మళ్ళీ అడగలేదు. మెల్లగా తలూపి, పాపను ఇంకోసారి చూపించమన్నాడు.