ఆ మాట ఎవరి నోటిది

స్టాంపు ప్యాడు సిరా వాసన తగిలితే నేను ఇప్పటికీ 1999 జూలై రెండో సోమవారం, ఉదయం పదకొండు గంటల దగ్గరికి వెళ్ళిపోతాను. నిన్న పోస్టాఫీసులో ఒక ముసలాయన బొటనవేలిని సిరాలో అద్దుతుంటే మళ్ళీ అదే జరిగింది. ఆ సోమవారం ఆ వేళకు అనంతపురం రైల్వే స్టేషను వెనక, ఒక సంస్థ అద్దెకు తీసుకున్న గదిలో, మేము పదకొండు మందిమి వేలిముద్రల స్టాంపు ప్యాడు మధ్యలో పెట్టుకుని, చాప మీద కూర్చుని పాఠం వింటున్నాము. వజ్రకరూరు దగ్గరి పల్లె నుంచి వచ్చిన ఒక ముసలామె గుమ్మంలో నిలబడి, కాసేపు మా అందరినీ చూసి, "నేను సచ్చిపోయినానంట సార్. ఎవురికి చెప్పుకోవల్ల?" అని అడిగింది. ఆమె పేరు నాగమ్మ.

ఆమె 'సార్' అన్నది మా గురువు రహమతుల్లా గారిని. తాలూకాఫీసులో హెడ్ క్లర్కుగా పనిచేసి రిటైరైన మనిషి. పింఛను, రేషను కార్డు వంటివి అందనివారికి, అందుతూ ఆగిపోయినవారికి తోడుగా నిలబడి కొట్లాడగలిగే మనుషుల్ని తయారు చేయమని ఆ సంస్థ ఆయనను పెట్టుకుంది. నేను యాడికి అనే ఊళ్ళో సహకార సంఘం లెక్కలు రాసి మానుకుని, అప్పటికి ఆరు నెలలు. మొదటి రోజే సార్ నవ్వుతూ, "ముప్పై ఏండ్లు అర్జీలు ఎనక్కి తిప్పి పంపినోన్ని. ఎట్ల తిప్పుతారో నాకంటే బాగ ఎవురు చెప్తారప్పా?" అన్నారు. ఆ నవ్వులో సరదా తక్కువ.

పాఠమంటే పుస్తకం కాదు. ఆయన కుర్చీలో కూర్చుని అధికారి అయిపోయేవారు. మేము ఒక్కొక్కరం అర్జీతో ఎదుట నిలబడాలి. నేను రెండు పేజీలు రాసుకుపోయిన రోజు, కళ్ళజోడు నుదుటి మీదికి నెట్టి, "ఏమమ్మా లెక్కలమ్మా, ఇది అర్జీనా, హరికథనా? ఆకలి అని మూడుసార్లు రాసినావు. ఏ ఆర్డరు మీద కొట్లాడుతాండావో ఒక్కసారీ రాయలే," అని కాగితం నా కాళ్ళ దగ్గర పడేశారు. అవమానంతో చెవులు మండాయి. అందరూ వెళ్ళాక ఆ కాగితాన్ని ఆయనే ఏరి, దుమ్ము దులిపి, నా చేతికిచ్చారు. ఆగిన ప్రతి పింఛనుకూ మూడు ప్రశ్నలు అడగమనేవారు. ఎవరు తీసేశారు? ఏ కారణం రాశారు? ఆ కారణం ఎవరి నోటి మాట? మొదటి రెండూ ఎవరైనా నేర్పుతారు. మూడోది ఆయన సొంతం.

నాగమ్మకు అప్పటికి నాలుగు నెలలుగా పింఛను లేదు. నెలకు డెబ్బై ఐదు రూపాయలు. భర్త లేడు, కూతురు బళ్ళారిలో కూలి చేసుకుంటోంది. పింఛను ఆగాక ఉన్న రెండు మేకల్లో ఒకటి అమ్మేసింది. మండల ఆఫీసులో అడిగితే ఆమె పేరు ఎదుట 'మరణించినది' అని రాసి ఉందని తెలిసింది. విచారణకు వచ్చిన ఉద్యోగి కోస్తా జిల్లా నుంచి కొత్తగా బదిలీ అయి వచ్చాడట. మూడో ప్రశ్న పట్టుకుని సార్, నేను నాగమ్మతో పాటు బస్సెక్కి ఆ పల్లెకు వెళ్ళాము. నాగమ్మ పక్కింటి లింగమ్మ చేటలో కొర్రలు చెరుగుతూ చెప్పింది.

"ఆయప్ప వచ్చి నాగమ్మ ఏదమ్మా అన్నాడు. పోయినాది అంటి."

"యాడికి పోయినాదని అడగలేదా?" అన్నారు సార్.

"అడగలే. అయ్యో పాపం అని రాసుకున్నాడు. కూతురు కాన్పుకు బళ్ళారికి పోతే పాపమేముండాది సార్? పట్నపోళ్ళు అట్లే అంటారేమో అనుకుంటి."

మా వైపు సంతకు పోయినా, పెళ్ళికి పోయినా 'పోయినాది' అనే అంటాము. అతని వైపు మనిషి వెళ్తే 'వెళ్ళింది' అంటారు. ఊరి పేరు లేకుండా 'పోయింది' అంటే ఒకటే అర్థం. నాగమ్మ పకపకా నవ్వింది. నాకూ నవ్వొచ్చింది. సార్ మాత్రం నవ్వలేదు. తిరుగు బస్సులో, "ఆ కుర్చీలో ఉండి నేను గూడా మాటకు అర్థం అడగకుండా ఎన్ని పేర్లు కొట్టేసినానో," అని కిటికీ వైపు తిరిగారు.

తరువాతి సోమవారం మండల ఆఫీసులో విచారణ. అర్జీ పెట్టినవారే మాట్లాడాలి, మనం పక్కన నిలబడాలి అన్నది సార్ పెట్టిన నియమం. అందుకని ఆయన తలుపు దగ్గరే ఆగిపోయారు. ఉదయం నుంచి ఏమీ తినని నాగమ్మ బల్ల అంచు పట్టుకుని నిలబడింది. మాతో వచ్చిన లింగమ్మ చెప్పింది విని మండల అధికారి తన ఉద్యోగిది తప్పేనని వెంటనే ఒప్పుకున్నాడు. నా గుండె కుదుటపడబోయింది. అప్పుడతను రిజిస్టరు తిప్పి చూపించాడు. ఊరికి ఇన్ని పింఛన్లని లెక్క. ఒకరు చనిపోతేనే ఇంకొకరికి. నాగమ్మ చోటు అదే ఊరి ఓబులేసుకు ఇచ్చేశారు. అతనికి రెండు కళ్ళూ లేవు.

"అతనికి ఇవ్వడం పొరపాటని రాసి, ఈమె వేలిముద్ర వేయించి ఇవ్వండి. అతన్ని తీసేసి ఈ పూటే ఈమె పేరు ఎక్కిస్తాను. లేదంటే పైకి రాయాలి, ఎన్ని నెలలవుతుందో నేను చెప్పలేను," అన్నాడు అధికారి, తెల్లకాగితం, స్టాంపు ప్యాడు నా ముందుకు తోసి.

నేను పెన్ను మూత తీశాను. నియమం ప్రకారం నాగమ్మ వంక చూడాలి. నేను సార్ వంక చూశాను. ఆయన చేతిలోని టోపీని అటూ ఇటూ తిప్పుతున్నారు.

"ఓబులేసును తీసేస్తే ఆయప్ప ఏం తింటాడు సార్?" అని నాగమ్మ అడిగింది.

అధికారి రిజిస్టరు మూసి పక్కకు పెట్టాడు.

"అట్లయితే నేను వేలు పెట్టను. నేను బతికి ఉండానని రాయి. మిగతాది పైకే రాయి. అమ్మేదానికి ఇంగో మేక ఉండాదిలే."

వరండాలోకి వచ్చాక సార్ ఆమెకు రెండు ఇడ్లీలు తెప్పించారు. "నువ్వు రాసింటావా లెక్కలమ్మా?" అని నన్ను మెల్లగా అడిగారు. తెలియదన్నాను. "నేనైతే రాయించుంటా. అందుకే ఆడ నోరు తెరవలే," అన్నారు. ఆ తరువాత జిల్లా ఆఫీసుకు ఎన్ని సోమవారాలు తిరిగినా, మా ఇద్దరి మధ్య ఆ మాట మళ్ళీ రాలేదు.

2006లో సార్ కన్నుమూశారు. ఆ గదిలో పాఠం చెప్పే పని నాకు వచ్చింది. అధికారి వేషం నాకు ఆయనంత బాగా కుదరలేదు. పక్కన నిలబడినవాళ్ళు ఎక్కడ నోరు మూసుకోవాలో మాత్రం గట్టిగానే నేర్పాను. ఇప్పటికీ ఎవరైనా ఇంకొకరి గురించి నాకేదైనా చెబితే, వాళ్ళకు విసుగొచ్చేదాకా అడుగుతాను, ఆ మాట ఎవరి నోటిదని.

నష్టం లెక్క ఇది. నాగమ్మ పింఛను 2000 ఫిబ్రవరిలో మళ్ళీ మొదలైంది. ఆగిన పదకొండు నెలలకు ఎనిమిది వందల ఇరవై ఐదు రూపాయలు. బకాయి కోసం మూడు అర్జీలు పెట్టాము, మూడూ తిరిగొచ్చాయి. రెండో మేక దసరాకు ముందే అమ్ముడైంది. కూలికి వెళ్తూ ఆమె వాయిదా వేసుకున్న కంటి ఆపరేషను ఆలస్యమై, కుడి కంటికి చూపు రాలేదు. ఓబులేసు పింఛను ఒక్క నెల కూడా ఆగలేదు.