పదిహేడు ఒకట్లు

మా లెక్కల టీచరుగారు ఏలూరు ఆసుపత్రిలో పొద్దున్నే పోయారని ఆవిడ తమ్ముడు ఫోన్ చేసి చెప్పారు. ఏడుపు రావలసినచోట నాకు ముందు విసుగొచ్చింది. ఇంకొన్నాళ్లు ఆగితే ఈవిడ సొమ్మేం పోయేది అనుకున్నాను. ఎందుకలా అనుకున్నానో మీకు చెప్పాలి.

ఆవిడ భీమడోలులో మాకు లెక్కలు చెప్పారు. రిటైరయ్యాక ఏలూరులో నా ఇంటర్నెట్ సెంటరు పక్క వాటాలోకి దిగారు. దిగి, ఒక సంఖ్యను పట్టుకున్నారు. పదిహేడు ఒకట్లు వరసగా రాస్తే వచ్చే సంఖ్య. దాన్ని శేషం లేకుండా భాగించేది ఏదైనా ఉందా, లేక అది ప్రధాన సంఖ్యా? అదీ ఆవిడ ప్రశ్న. ఉంటే మాత్రం, అలాంటివాటిలో అతి చిన్నది ముప్పైనాలుగు గుణిజం కన్నా ఒకటి ఎక్కువై తీరాలని ముందే తేల్చుకున్నారు. వాటిలో ప్రధాన సంఖ్యలను ఏరుకుని, నూటమూడుతో మొదలుపెట్టి, చేత్తో భాగిస్తూ పోయారు. క్యాలిక్యులేటరు ముట్టుకునేవారు కాదు.

దాంతో మా అందరి ప్రాణాలూ తోడేశారు. భాగహారం మధ్యలో ఉంటే గుమ్మంలో పాలవాడైనా, ఎక్కాల్సిన బస్సైనా ఆగవలసిందే. "శేషం రానివ్వండి" అనేవారు. బస్సు ఆగేది కాదు. చర్చిలో కానుక కవరు వెనక కూడా భాగహారమే. అది చూసి పాస్టరుగారు దగ్గేవారు. ఒకసారి కలిదిండిలో తమ్ముడుగారి చేపల చెరువు దగ్గరికి భోజనానికి నన్నూ తీసుకెళ్లారు. వడ్డించిన పులుసు చల్లారిపోతోంది, ఆవిడ గట్టు మీద కూర్చుని లెక్క వేస్తున్నారు.

"అక్కా, అదెక్కడికీ పారిపోదు. తినేసి చేసుకో" అన్నారు తమ్ముడు.

"పులుసులో చేప మాత్రం పారిపోతుందేంట్రా" అన్నారు తల ఎత్తకుండానే.

నాకు ఒళ్లు మండి ఓ మధ్యాహ్నం కంప్యూటర్ని అడిగాను. రెప్పపాటులో చెప్పేసింది. ఉంది. 20,71,723. కావాలంటే మీరూ భాగించి చూసుకోండి. పరుగున వెళ్లి "టీచరుగారండీ, తేలిపోయిందండీ" అన్నాను. ఆవిడ రెండు చెవులూ మూసుకున్నారు.

"ఉందన్నావా, లేదన్నావా, మళ్లీ నా గుమ్మం తొక్కకు. దానికి తెలిస్తే నాకు తెలిసినట్టా?"

ఆ జవాబును కడుపులో దాచుకుని ఏళ్ల తరబడి తిరిగాను. ఇదేం శిక్షండీ? పైగా కాగితాలు తెచ్చి కౌంటరు మీద పెట్టి, "ఈ తీసివేత సరిచూడవయ్యా" అనేవారు. సరిచూసేవాణ్ని. పన్నెండు లక్షలు దాటారు, పదిహేను దాటారు. తొందరగా నడవండి తల్లీ అని లోలోపలే మొత్తుకునేవాణ్ని.

విసుక్కుంటున్నాను గానీ, బడిలో నన్ను వదలనిదీ ఆ మొండితనమే. లెక్కలు నాకు రావండీ అంటే, "రావని ఎవరన్నారు? ఇంకా రాలేదు, అంతే" అనేవారు. ఆ మాట పట్టుకునే నేను డిగ్రీలో లెక్కలు తీసుకున్నాను. ఆవిడ రుణం తీరేది కాదు.

పందొమ్మిది లక్షల్లో ఉండగా గుండె జబ్బుతో ఆసుపత్రిలో చేర్చారు. చూడ్డానికి వెళితే దిండు పక్కన అవే కాగితాలు.

"ఇంత దూరం వచ్చానయ్యా. ఏమీ లేనిదాని కోసం వెతుకుతున్నానేమో" అన్నారు.

ఆవిడ నోట అలాంటి మాట నేనెన్నడూ వినలేదు. తట్టుకోలేకపోయాను.

"ముందుందండీ. ఆపకండి" అనేశాను.

ఎంత కోపమొచ్చిందో. "నిన్నెవరడిగారయ్యా? ఉందా లేదా అన్నదే కదా నా ప్రశ్న. సగం లాగేసుకున్నావు" అని గోడవైపు తిరిగి పడుకున్నారు. నేను మొహం మాడ్చుకుని కిటికీ దగ్గర నిలబడ్డాను. చెప్పినందుకు అప్పుడూ విచారించలేదు, ఇప్పుడూ విచారం లేదు.

కాసేపటికి ఇటు తిరిగారు. దిండుకి ఆనుకుని లేచి, కాగితం మోకాళ్ల మీద పెట్టుకుని, పెన్ను మూత తీశారు. నా మొహం చూడలేదు.

"పక్కకి జరుగు. వెలుతురు పడటం లేదు."

జరిగాను. పదిహేడు ఒకట్లూ వరసగా వెలుతురులోకి వచ్చాయి. ఆవిడ వాటి పక్కన కొత్త సంఖ్య వేసి, గీత గీశారు.