ముందు వేణ్ణీళ్ళు

ఆత్మకూరులో మా అద్దెయింటి పెరట్లో ఒక రాగి బాయిలర్ ఉండేది. అవ్వ, అంటే మా నాయన తల్లి, ఉదయగిరి నుంచి వచ్చేటప్పుడు దాన్ని బస్సుమీద వేయించుకొచ్చింది. పైన గరాటులో ఒక చెంబు చన్నీళ్ళు పోస్తేనే కుళాయిలోంచి ఒక చెంబు వేణ్ణీళ్ళు వచ్చేవి. ఊరికే ఏదీ ఇవ్వదు. అచ్చం మా అవ్వే.

నాయనకు ఉబ్బసం. చన్నీళ్ళు పోసుకుంటే రెండు రోజులు పడకే. ఎనభైల్లో ఆయన ఒక కరెంటు రాడ్ కొనుక్కొచ్చి, రెంటినీ కలిపి ఒక పద్ధతి పెట్టాడు. బాయిలర్లో నాలుగు పుల్లలతో నీళ్ళు గోరువెచ్చగా కాచి, వాటిని బకెట్లో పట్టి, అందులో రాడ్ పెట్టాలి. కట్టెలూ కలిసొస్తాయి, కరెంటూ కలిసొస్తుంది. ఆ పని నాది. ఇంటర్ తప్పి ఇంట్లో కూర్చున్నదాన్ని నేనే కదా.

అవ్వకు మాత్రం ఒకటే పట్టింపు. బకెట్లో ముందు వేణ్ణీళ్ళు, వాటిమీద చన్నీళ్ళు. తిరగేసి పోసేది శవానికేనట.

ఒకరోజు బాయిలర్ రాజేయడానికి బద్ధకించి చన్నీళ్ళలోనే రాడ్ పెట్టాను. పెట్టీ పెట్టగానే కరెంటు పోయింది. నాయనకు డ్యూటీ వేళయింది. గబగబా బాయిలర్ రాజేసి, కాగిన నీళ్ళు తెచ్చి ఆ చన్నీళ్ళ మీదే కుమ్మరించాను. అవ్వ చూడనే చూసింది.

"ఏందే ఇది? బతికుండే మనిషికి అట్లా పోస్తారా?"

"పోనీలేమ్మా, వెచ్చంగానే ఉండాయి," అని నవ్వి, నాయన ఆ నీళ్ళే పోసుకున్నాడు.

నెల తిరగకముందే ఉబ్బసం ముదిరి నాయన పోయాడు. దానికీ దీనికీ సంబంధం లేదని నాకు తెలుసు. తెలిసి ఏం లాభం? కళ్ళు మూసినా తెరిచినా ఆ బకెట్టే. అవ్వ నన్ను తిట్టి ఉంటే బాగుండేది.

పోయిన రోజు వాకిట్లో మూడు రాళ్ళ మీద నీళ్ళు కాగాయి. నాయనకు పోయడానికి నన్ను కలపమన్నారు. ఏడుపు రాలేదు. బకెట్ తెచ్చి ముందు పెట్టుకున్నాను.

"ముందు చన్నీళ్ళు పొయ్యి," అన్నాడు దాయాది పెద్దాయన. పోశాను. అవ్వ లేచి వచ్చి నా చెయ్యి పట్టుకుంది.

"ఎప్పట్లాగే పొయ్యి పాపా. వాడికి చన్నీళ్ళు పడవు."

నేను బకెట్ ఒంపేసి, ముందు వేణ్ణీళ్ళు పోశాను. తర్వాత చన్నీళ్ళు. చెయ్యి పెట్టి చూశాను. నాయనకు సరిపోయే వేడే.