గోడకు గడ్డం మొలిచిన వానాకాలం

ఆ రోజుల్లో మా ఇంట్లో ఏది పాడైనా మొదటి వైద్యం నాదే. బిందెకు చిల్లి పడితే లక్క పూసేదాన్ని, గొడుగు విరిగితే నారతో కట్టేదాన్ని, తలుపు కిర్రుమంటే ఆముదం పోసేదాన్ని. చదివింది మూడో తరగతే అయినా, చదువుకున్నవాళ్ళు చేసే పనిలో సగం ఉత్త చేతులు తిప్పడమేనని నాకు గట్టి నమ్మకం. (మా మూడో తరగతి పంతులు కుర్చీలోనే నిద్రపోయేవాడు, ఆ నమ్మకం అక్కడే పుట్టి ఉంటుంది.) ఇప్పుడు తలచుకుంటే నవ్వొస్తుంది. ఆ వెంటనే నోరంతా చేదవుతుంది.

డెబ్బైల నాటి మాట. వరంగల్లో మట్టెవాడ వైపు మాది పాత పెంకుటిల్లు. నల్లాలో ధర్మసాగర్ నీళ్ళు రోజు విడిచి రోజు వచ్చేవి. చుక్క నీరు వృథా పోతే నాకు అన్నం సహించేది కాదు. అందుకే ఇంటి వెనక గోడకు ఆనించి, ఇటుకలు పేర్చి సిమెంటు పూసి, నా చేతులతో నేనే ఒక నీళ్ళ హౌజు కట్టుకున్నాను. బియ్యం కడిగిన నీళ్ళు, చూరు నీళ్ళు అన్నీ అందులోకే పోయేవి. బీరపాదుకూ గోంగూరకూ అవే. వాడలో ఆడవాళ్ళకు దాన్ని ప్రత్యేకంగా పిలిచి చూపించేదాన్ని.

ఆ వానాకాలం లోపలి అర్ర గోడకు నల్లగా, నూగుగా బూజు పట్టింది. అయిదేళ్ళ మా చిన్నది ఆ గోడ పక్కనే పడుకునేది. “అమ్మా, గోడకు గడ్డమొచ్చింది!” అని మురిసిపోయింది. పది రోజులు తిరక్కుండానే దానికి దగ్గు పట్టుకుంది, తర్వాత పిల్లికూతల ఆయాసం. దవాఖానలో డాక్టరు సారు ఛాతీ చూసి, “బిడ్డ పండే అర్రల గోడకు బూజున్నదా?” అన్నాడు. ఉన్నదన్నాను. “మందు నేనిస్త. గోడను మాత్రం తెలిసినోళ్ళకు చూపించుండ్రి. లేకుంటే మందు పనిచెయ్యదు” అన్నాడు.

మా ఆయన మిల్లులో పనిచేసేవాడు. “మా కాడికి ఒక ఓవర్సీర్ సారొస్తడు. గోడల సంగతి, పునాదుల సంగతి అంత చదివిండు. తోల్కొస్త” అన్నాడు.

“గోడను సూసుడుకు సదువు దేనికి? మనకు కండ్లు లేవా?”

“నీకున్నయ్ గద, సూసి చెప్పు. ఏం కనవడ్డది?”

“బూజు.”

“డాక్టరు గూడ గంతే చెప్పిండు” అని ఆయన చెప్పులేసుకుని వెళ్ళిపోయాడు.

నాకు రోషమొచ్చింది. పక్కింటి ఖాలమ్మను ప్రహరీ మీదినుంచి పిలిచాను. ఆమె నాకంటే పదిహేనేళ్ళు పెద్దది, ఉర్దూలో పిన్నిని పిలిచినట్టు ఖాలా అనేదాన్ని. మా చిన్నది సగం అన్నం వాళ్ళింట్లోనే తినేది. “ఖాలా, బూజు సంగతి మంచిగ తెల్సినోడు ఎవలన్న ఉన్నరా?” అన్నాను. “ఎందుకు లేరు బిడ్డా! ఒకాయన ఉన్నడు. ఆయన చెయ్యి పడ్డదంటే మళ్ళ ఏడాది దాక ఫికర్ లేదు. మా మసీదంత ఆయనే సాఫ్ జేస్తడు” అంది. మసీదు అన్నప్పుడే నాకు అర్థం కావలసింది. గోడ మీది బూజుకూ, దూలాలకు వేలాడే సాలీళ్ళ బూజుకూ మనకు ఒకటే మాట కదా.

మర్నాడు ఒక పొడుగాటి మనిషి, అంతకంటే పొడుగాటి వెదురు బొంగుతో దిగాడు. బొంగు చివర చీపురు కట్టి ఉంది. వస్తూనే పైకి చూశాడు. (పెద్ద పనివాడు, పైనుంచే మొదలుపెడుతున్నాడు అని నేను మెచ్చుకున్నాను.) దూలాలన్నీ దులిపి, “అయిపోయిందమ్మా” అన్నాడు.

“అసలుది ఇడిచిపెట్టి పోతానవ్, గిది సూడు” అని గోడ చూపించాను.

“గిది గూడ బూజేనా?”

“బూజు గాకపోతే జొన్న పిండా?”

“అయితే పోతది తియ్యి” అని ముక్కుకు తువ్వాల బిగించి, పొడి చీపురుతో గోడను బరబరా గీకాడు. నల్లటి దుమ్ము అర్రంతా లేచింది. మా చిన్నది గడపలో నిలబడి చప్పట్లు కొట్టింది. “అమ్మా, గోడకు గడ్డం గీస్తాండు!”

ఆ సాయంత్రానికే దాని పెదవులు నీలంగా మారాయి. మూడు రోజులు దవాఖానలో ఉన్నాం.

తిరిగొచ్చాక నేను ఏం చేశానంటారు? ఖాలమ్మ మీద పడ్డాను. “నేను చెప్పిందేంది, మీరు పంపిందేంది?” అన్నాను.

“నువ్వు బూజన్నవ్, నేను బూజుకే పంపిన. కుమ్మరోన్ని పంపిన్నా?” అంది. తర్వాత గొంతు తగ్గించి, “కొట్లాట తర్వాత బిడ్డా. పిల్లను కొన్నొద్దులు మా ఇంట్ల పండవెట్టు. మా గోడలు పొడిగున్నయ్” అంది.

“మా బిడ్డకు మా ఇల్లున్నది” అని తలుపేసుకున్నాను. ఆ గోడకు నేనే సున్నం కొట్టాను. ఎనిమిదో రోజుకు సున్నం తోసుకుని మళ్ళీ నలుపు వచ్చింది. “మళ్ళ మొలిచిందమ్మా” అంది మా చిన్నది. ఈసారి మురిపెం లేదు, మాటకు మాటకు మధ్య ఊపిరి తీసుకుంటూ అంది. అప్పుడు మా ఆయన నన్ను అడగలేదు, ఓవర్సీర్‌ను తీసుకొచ్చాడు.

బక్కపలచటి మనిషి, చేతిలో ఒక చిన్న సుత్తి, అంతే. “బూజు ఏడున్నదో సూపెట్టాల్నా సారూ?” అన్నాను వెటకారంగా.

“బూజు కనవడ్తనే ఉన్నదమ్మా. నీళ్ళు ఏడికెల్లి వస్తున్నయో సూడాలె” అని గోడకు అరచెయ్యి ఆనించాడు, పైన, నడుమ, కింద. “వాన నీళ్ళయితే పైకెల్లి దిగుతయ్. పైన పొడిగున్నది. ఇవి కిందికెల్లి ఎక్కుతున్నయ్. గోడ అవుతల ఏమున్నది?”

“ఏం లేదు” అన్నాను.

“హౌజున్నది” అన్నాడు మా ఆయన.

వెనక్కి వెళ్ళి హౌజు అడుగున సుత్తితో గీకితే పూత పెళ్ళగా ఊడింది. లోపల వేలు పట్టేంత పగులు. “ఇందులకెల్లే గోడ తాగుతాంది. ఎవలు కట్టిండ్రమ్మా దీన్ని?”

మా చిన్నదే గర్వంగా చెప్పింది: “మా అమ్మనే!”

హౌజు పగలగొట్టించాం. గోడ ఎండాకాలం దాకా ఆరదని, అప్పటిదాకా పిల్లను అక్కడ పడుకోబెట్టొద్దని ఆయన చెప్పాడు. చాప చంకన, పిల్ల భుజాన వేసుకుని ఖాలమ్మ గడప ముందు నిలబడ్డాను. “ఇప్పుడు యాదికొచ్చిందా మా ఇల్లు?” అంటూనే ఆమె బొంత పరిచింది. తప్పైంది ఖాలా అనాలి. నోటిదాకా వచ్చింది. కానీ నేనన్నది ఏమిటంటే, “జర గోడకు దూరంగ పండవెట్టుండ్రి.”

ఆమె నవ్వింది. “మా గోడకు గడ్డం లేదు తియ్.”

తప్పైందన్న మాట నేను ఆ తర్వాత కూడా అనలేదు. ఇప్పుడు అందామన్నా వినడానికి ఆమె లేదు. మా చిన్నదాని పిల్లలే పెద్దవాళ్ళయ్యారు. దాని చేతిసంచిలో పీల్చే మందు ఎప్పుడూ ఉంటుంది. అది సంచిలో చెయ్యి పెట్టినప్పుడల్లా నేను కిటికీలోంచి బయటికి చూస్తాను.

ఒక్క అలవాటు మాత్రం మిగిలింది. ఎవరింటికి పోయినా కూర్చునే ముందు గోడ కింది భాగానికి అరచెయ్యి ఆనిస్తాను. ముసలమ్మ ఇంటిని దీవిస్తున్నదని వాళ్ళు అనుకుంటారు. మొన్న ఒక గృహప్రవేశంలో ఇల్లాలు చేతులు జోడించి, “అమ్మమ్మా, ఇల్లు చల్లగ ఉండాలని దీవించు” అంది.

“చల్లగొద్దు బిడ్డా, పొడిగ ఉండనియ్యి” అన్నాను. అందరూ నవ్వారు. ఓవర్సీర్ ముందు నడుము మీద చెయ్యి పెట్టుకుని నిలబడిన ఆ మూడో తరగతి మనిషిని తలచుకుని నేనూ నవ్వాను.