స్వామికి కనిపించిన మోకాలు

మనసులో మాట చెప్పే స్వామి మట్టెవాడకు వచ్చాడని విని, మా పెద్దమ్మ ఈ రోజు పొద్దున్నే తొర్రూరు నుంచి బస్సెక్కి వచ్చింది. నాకు నమ్మకం లేకపోయినా తోడు వెళ్లాను. ఫంక్షన్ హాలు గేటు దగ్గర ఒకతను అందరి చేతా పేరు, ఊరు, బాధ చీటీల మీద రాయించుకుని లోపలికి పట్టుకెళ్లాడు. పెద్దమ్మకు రాయడం రాదు, నేనే రాశాను. తొందరలో కుడి మోకాలు బదులు ఎడమ మోకాలు అని రాసేశాను.

గంట తర్వాత స్వామి కళ్లు మూసుకుని, "తొర్రూరు నర్సమ్మా! నీ ఎడమ మోకాలి నొప్పి నాకు కనిపిస్తోంది" అన్నాడు. నేను చేసిన తప్పే ఆయన నోట వినిపించింది. పెద్దమ్మ మాత్రం లేచి, కళ్లనీళ్లతో దండం పెట్టింది.

తిరిగొస్తూ ఆటోలో ఉండబట్టలేక అన్నాను.

"నీకు నొచ్చేది కుడి మోకాలు గద పెద్దమ్మా? చీటీల నేనే తప్పు రాసిన. ఆయన అదే సదివిండు."

"నాకు ఎర్కనే బిడ్డా. గని పేరు వెట్టి పిల్చిండు. మీ పెద్దబాపు పోయినంక నన్ను నర్సమ్మా అని పిల్చినోళ్లే లేరు."

మోసం పట్టేశానన్న గర్వం అక్కడే దిగిపోయింది. చీటీ మీద ఆ పేరు కూడా నేను ఆమెనే అడిగి రాశాను.

మీ పెద్దమ్మ పేరు మీకు తెలుసా?