మా ఆయన కోసం మిల్లింగ్ మిషను

మిల్లింగ్ మిషను ఎట్లా ఉంటుందో చూడకముందే నాకు దాని మీద ఆశ పుట్టింది. మా ఆయన మద్రాసు అవతల ఒక ఫ్యాక్టరీలో ఆ మిషను మీదే పనిచేస్తాడు. తిరిగే పళ్ళతో ఎంత గట్టి ఇనుములోనైనా గాడి చెక్కుతుందట. రెండు వారాలకొక ఆదివారం ఇంటికొస్తాడు, అన్నం తిని కాసేపు నడుం వాల్చేసరికి మళ్ళీ రైలు వేళవుతుంది. మాది చిల్లకూరు దాటాక సముద్రం వైపు ఊరు. ఇక్కడ పడవ ఇంజను షాఫ్టులో గాడి అరిగిపోతే కొత్తది చెక్కించడానికి దాన్ని గూడూరుకో నెల్లూరుకో మోసుకుపోవాలి. ఆ మిషనేదో మన పెరటి షెడ్డులో ఉంటే పని నీ దగ్గరికే వస్తుంది కదా అన్నాను. నాకు గాడీ అక్కర్లేదు, గీడీ అక్కర్లేదు. పొద్దున లేచేసరికి మొగుడు ఇంట్లో కనపడాలి, అంతే.

"చూద్దాంలేమే" అన్నాడు.

చూడటం మాత్రం నిజంగానే చూశాం. ఇంటికొచ్చిన ఆదివారమల్లా పాత మిషన్ల షెడ్లకే సరిపోయేది. నాయుడుపేటలో చూసినది నాకంటే ఎత్తుంది. దానికి మూడు ఫేజుల కరెంటు కావాలి, మా ఇంటికి ఉన్నది ఒక్కటే. పైగా అంత బరువు వేసుకుని లారీ వస్తే మా వీధి ఇసుకలో కూరుకుపోతుంది. నెల్లూరులో కొత్తది, బల్ల మీద పెట్టుకునేది చూశాం. నిగనిగలాడుతుంటే నాకు భలే నచ్చింది. ఈయన దాన్ని చేత్తో ఊపి, "ఇది ఇనుమును కోయదు, గీరుతాది" అన్నాడు. మనుబోలులో ఒకటి నడిమి సైజుది. దాని హ్యాండిల్‌ను అటు తిప్పాడు, ఇటు తిప్పాడు. హ్యాండిల్ తిరుగుతోంది గానీ, ఇనుమును బిగించే మిషను బల్ల వెంటనే కదలడం లేదు. "లోపల బల్లను జరిపే మర అరిగిపోయుండాది, గాడి వంకర పోతాది" అని బయటికొచ్చేశాడు. పెళ్ళిచూపుల్లో పిల్లకు వంకలు పెట్టే మేనత్త కూడా ఈయన ముందు దిగదుడుపే!

షెడ్డులో ఎంత చోటుందో చూడమంటే నేను ముగ్గుపిండి తీసుకుని మిషను కాళ్ళ కొలతకు నేల మీద చక్కగా గీత గీశాను. ఆయన చూసి పకపకా నవ్వాడు. పని చేసేటప్పుడు మిషను బల్ల ఇటూ అటూ జరుగుతుందట, దానికి చోటే విడవలేదట. నేను గీసినట్టు పెడితే బల్ల గోడకు గుద్దుకుంటుందట. ఆ ముగ్గు చెరిపి ఇద్దరం కలిసి మళ్ళీ గీశాం. ఆ పూట ఎంత సంతోషంగా ఉన్నానో చెప్పలేను.

అయినా మిషను కుదరలేదు. మనుబోలు తర్వాత మరొకటి కూడా కాదన్నాక, తిరిగొచ్చే బస్సులో నాకు ఒళ్ళు మండిపోయింది.

"ఏమయ్యా, అసలు నీకు ఇంటికి రావాలనుండాదా? ఉంటే ఇన్ని వంకలెందుకు పెడతావు?"

ముందు సీటువాళ్ళు వెనక్కి తిరిగి చూశారు. చూడనీ!

ఆయన మెల్లగా అన్నాడు: "ఆడ గాడి చెడిపోతే సూపర్‌వైజరు తిడతాడు, అంతటితో సరి. ఈడ గాడి వదులైతే పడవ సముద్రం మధ్యలో నిలిచిపోతాదే. ఆ మనుషుల మొహాలు నేను రోజూ చూడాల గదా."

ఈ మనిషి ఇంటికి రావడం గురించే ఆలోచిస్తున్నాడని తెలిసి ఏడుపొచ్చింది.

చివరికి గూడూరులో మూతపడిన ఒక వర్క్‌షాపులో దొరికింది. పాతదే, రంగు పోయింది, కానీ హ్యాండిల్ తిప్పితే బల్ల వెంటనే కదిలింది. మోటారు మారిస్తే మా కరెంటుకే నడుస్తుంది. "ఇది చాలు" అన్నాడు. ఇసుక మీద పలకలు పరిచి, వాటి మీద పైపులు వేసి, దొర్లించుకుంటూ షెడ్డులోకి చేర్చాం.

మిషనొచ్చింది. మనిషి రాలేదు. ఉద్యోగం వదలాలంటే భయం, "వచ్చే నెల, వచ్చే నెల" అంటాడు. రోజూ ఫోన్‌లో మొదటి మాట, "మిషనెట్టుండాది? నూనె రాసినావా?" మా ఊరి ఉప్పుగాలికి ఉత్త ఇనుము ఇట్టే ఎర్రబారుతుంది. అందుకని సాయంత్రమయ్యేసరికి గుడ్డతో నూనె రాసి పట్టా కప్పేదాన్ని. నేనెట్టా ఉన్నానని అడగడు. ఇనుప ముక్క మీద నాకు కుళ్ళు పుట్టింది, ఏం దాచేది! ఒకరోజు నూనె రాయడం మానేశాను.

నాలుగు రోజులు పోయాక ఫోన్‌లో చెప్పాను, తుప్పు పట్టిందని. మర్నాడు మధ్యాహ్నానికల్లా, ఆదివారం కాని రోజున, వాకిట్లో నిలబడ్డాడు. అన్నం కూడా తినకుండా కిరసనాయిలు, ఎమెరీ కాగితం తీసుకుని రుద్దటం మొదలుపెట్టాడు. పైపై తుప్పే, వదిలిపోయింది. నేను పక్కనే పీట వేసుకుని కూర్చుని కళ్ళారా చూసుకున్నాను.

నూనె రాద్దామని డబ్బా ఎత్తాడు. "నిండుగా ఉండాదే. మరి రాయలేదెందుకు?"

"రాస్తే నువ్వు రావు గదా" అన్నాను.

ఆయన డబ్బా అట్లాగే పట్టుకుని నా వైపు చూశాడు. ఆ తర్వాత మిషనుకు నూనె రాశాడు, అన్నం తిన్నాడు, సాయంత్రం రైలుకు వెళ్ళాడు. పోతూ పోతూ, రోజూ నూనె రాయమని మాత్రం చెప్పలేదు.

నేనూ రాయలేదు.