కాగితమంత సందు

మెట్ల కింది గదిలో ఆమె కొట్టు. ఒక బల్ల, కాయిల్ చుట్టే మిషను, గోడ మేకులకి రాగి తీగ చుట్టలు, మూలన వార్నిష్ డబ్బా. ఫ్యాను, మిక్సీ, నీళ్ళ పంపు, తిరిగేది ఏది ఆగిపోయినా వీధివాళ్ళు ఆమె దగ్గరికే తెస్తారు. కాయిల్ అక్క అంటారు. పెళ్ళికి ముందు ఫ్యాన్ల కంపెనీలో వైండింగ్ పని చేసింది. అక్కడి మేస్త్రీ దగ్గర ఒక అలవాటు అబ్బింది. మోటారు ఆపగానే, కరెంటు కొలిచే మీటరు తీయకముందే, వేళ్ళ వెనక భాగం దానికి ఆనించి చూస్తుంది. ఇంట్లో ఎవరికి ఒళ్ళు వెచ్చబడినా నుదురు అలాగే చూస్తుంది.

"నన్నూ మిక్సీ అనుకుంటున్నావా?" అంటాడు భర్త.

ఆమెకి ఒక్కడే అన్న. బస్సు డ్రైవరు. పుర్రచేతి వాటం. గేరు మార్చేది కూడా ఎడమ చేత్తోనే కనక, బస్సులు తనలాంటివాళ్ళ కోసమే తయారుచేశారని గొప్పలు పోయేవాడు. కిందటి వానల్లో బస్సు ముందద్దం తుడవబోయి బంపరు మీంచి జారిపడ్డాడు. ఎడమ మోచెయ్యి విరిగింది. ఎముక అతుక్కుంది గానీ వేళ్ళకి స్పర్శ సరిగా తిరిగిరాలేదు. వాడుతూ ఉండు, బలం అదే వస్తుందన్నాడు డాక్టరు. అది విని తోటి డ్రైవర్లు తలా ఇంత వేసుకుని ఒక రిమోట్ కారు కొని తెచ్చారు.

"మళ్ళీ బస్సెక్కేదాకా దీన్ని తోలుకో, బావా. టిక్కెట్లు కొట్టే పని కూడా లేదు" అన్నారు.

రిమోట్ పిస్తోలులా ఉంటుంది. ఎడమ చేత్తో పట్టుకుని చూపుడువేలితో మీట లాగితే కారు కదులుతుంది, కుడి చేత్తో చిన్న చక్రం తిప్పితే మలుపు తిరుగుతుంది. అతను రోజూ సాయంత్రం ఇంటి ముందు సందులో దీపస్తంభం చుట్టూ తిప్పేవాడు. మొదట్లో బాగానే నడిచింది. ఈమధ్య కాసేపు పరిగెత్తి, నెమ్మదించి, ఆగిపోతోంది. మీట లాగి ఉందో వదిలేసిందో అతని వేలికి తెలియదు. వేలే వదిలేస్తోందని తేల్చుకున్నాడు.

సోమవారం డిపోలో కనపడమన్నారు. ఆవరణలో బస్సు తోలి చూపిస్తాడా, లేక టైములు రాసే గదిలో కూర్చుంటాడా, ఏదో ఒకటి చెప్పమన్నారు. గదిలోనే కూర్చుంటానని ఇంట్లో చెప్పేశాడు.

శనివారం సాయంత్రం వదిన ఫోను చేసింది. "అమ్మాయ్, ఒక్కసారి వచ్చి ఆ కారు సంగతి చూడు. మీ అన్నయ్య దాన్ని కాదు, ఆ వేలినే చూస్తూ కూర్చుంటున్నారు."

ఆమె వెళ్ళేసరికి కారు స్తంభం దగ్గర ఆగి ఉంది. ఆమె మీటరు తీసి బ్యాటరీ చూసింది, నిండుగా ఉంది. తీగలన్నీ ఒక్కొక్కటే లాగి చూసింది. ఎక్కడా వదులు లేదు. మోటారు మీద దుమ్ము ఊదింది. అంతా అయ్యాక రిమోట్ తీసుకుని మీట లాగింది. కారు సందు చివరిదాకా వెళ్ళి వచ్చింది.

"చూశావా? నీ చేతిలో పరిగెడుతోంది" అన్నాడు అన్న.

ఆమె రిమోట్‌తో పాటు కారు సంచిలో పెట్టుకుని బయల్దేరింది. వదిన వీధి మలుపు దాకా వచ్చింది.

"కారుదే తప్పని చెప్పు అమ్మాయ్. కాకపోయినా సరే."

"తిరగని మోటారు తిరుగుతోందని చెప్పడం నాకు రాదు, వదినా."

"ఆడపడుచువి కదా, అబద్ధాలు రావంటే నేను నమ్మాలా?"

ఇద్దరూ నవ్వారు. వదిన తొందరగా ఆపేసింది.

ఆదివారం పొద్దున ఆమె కారుని రెండు తీగ చుట్టల మీద ఎత్తిపెట్టి చక్రాలు గాలిలో ఉండేలా నడిపించింది. ఫ్యాన్లు బాగుచేసేవాళ్ళ పద్ధతి అది. బల్ల మీద తిరిగింది ఇంటికెళ్ళినా తిరుగుతుందని వాళ్ళ లెక్క. చక్రాలు గిర్రున తిరుగుతూనే ఉన్నాయి. ఎంతసేపు చూసినా ఆగలేదు. ఇక అనుమానించడానికి మిగిలింది అన్న వేలే. సాయంత్రం వెళ్ళి అన్నతో ఆ మాట ఎలా మొదలుపెట్టాలా అనుకుంటూ స్విచ్చు ఆపి, అలవాటుగా వేళ్ళ వెనక భాగం మోటారుకి ఆనించింది. చురుక్కుమంది.

గాలిలో ఊరికే తిరిగిన మోటారు ఇంత కాలకూడదు. అంటే దాన్ని ఏదో పట్టి ఉంచుతోంది. చక్రాన్ని చేత్తో తిప్పింది. బండచాకిరీకి వచ్చినదానిలా అది మొరాయిస్తూ కదిలింది. గేర్ల మీద మూత తీసింది. మోటారు కొసనున్న చిన్న పళ్ళచక్రం పక్కనున్న పెద్ద ప్లాస్టిక్ చక్రంలోకి కూరుకుపోయి ఉంది. వాటి మధ్య పిసరంత సందు లేదు. చుట్టూ తెల్లటి పొడి రాలి ఉంది. ఆ బరువుకి నేల మీద మోటారు ఇంకా త్వరగా కాగిపోతుంది. కాగితే కరెంటు అందించే చిన్న పెట్టె దానంతటదే ఆపేస్తుంది, చల్లారాక మళ్ళీ ఇస్తుంది. నిన్న తను మీటరు పెట్టి తీగలు లాగినంతసేపూ అది చల్లారుతూనే ఉంది.

మోటారుని వెనక్కి జరపాలంటే దాన్ని పట్టి ఉంచిన రెండు స్క్రూలు విప్పాలి. తాళంచెవిలాంటి వంకర కమ్మీ పెట్టి తిప్పింది. కదల్లేదు. పటకారుతో పట్టి తిప్పింది. కమ్మీయే మెలిపడబోయింది. స్క్రూ తలల మీద నల్ల రంగు లేచిపోయి కొత్త మెరుపు కనిపిస్తోంది. కంపెనీవాళ్ళ బిగింపు కాదిది. ఆమె పటకారు కింద పెట్టేసింది.

సాయంత్రం కారు అలాగే తీసుకెళ్ళి అన్న ముందు పెట్టింది.

"ఈ మోటారు దగ్గర ఎవరు చెయ్యిపెట్టారు?"

"నాకు నా గరిటెతోనే సరిపోతోంది" అంది వదిన.

అన్న చెప్పాడు. "గరగరమని చప్పుడొచ్చేది. గేరు వదులుగా ఉన్న బండి నేను తోలలేను. కాస్త దగ్గరికి జరిపి బిగించా."

"కాస్తా? నా పటకారుకి లొంగలేదు. నువ్వే విప్పు."

అతను కమ్మీ కుడి చేత్తో పట్టుకుని తిప్పాడు, జారిపోయింది. విసుక్కుని ఎడమ చేతిలోకి మార్చుకున్నాడు. ముఖం ఎర్రబడింది. టక్కుమంది. రెండోది కూడా టక్కుమంది.

వదిన చేతిలో పళ్ళెం పక్కన పెట్టింది. "నిన్న డబ్బా మూత తియ్యమంటే ఆ చెయ్యి పనిచెయ్యదన్నారు కదండీ!"

"నిజంగానే తెలీదే. ఎంత బిగిసిందో తెలీకే ఇంకా తిప్పుతూ పోయా." వేళ్ళు మూసి తెరిచి చూసుకున్నాడు. తర్వాత చెల్లెలి వైపు చూశాడు. "బలం ఒక్కటీ ఉంటే చాలదు కదా అమ్మడూ. గేరు పడిందో లేదో చేతికి తెలియాలి."

ఆమెకీ తెలుసు, చాలదన్నది నిజమే.

"గరగర చప్పుడు నీ చేతికి తెలిసిందా, చెవికి తెలిసిందా?"

అతను మోటారుని కొంచెం వెనక్కి జరిపాడు.

ఆమె పాత పేపరు అంచు చింపి ఇచ్చింది. "దీన్ని రెండు పళ్ళచక్రాల మధ్య పెట్టి మోటారుని ఆనించు. స్క్రూలు ఆగేదాకా తిప్పి వదిలెయ్. తర్వాత కాగితం లాగు. మడతలు పడాలి, చిరగకూడదు."

మొదటిసారి కాగితం చిరిగింది. వదిన ఇంకో ముక్క ఇచ్చింది. రెండోసారి పళ్ళ గుర్తుల మడతలతో చిరగకుండా వచ్చింది.

సందులోకి తీసుకెళ్ళారు. కొంచెం గరగరమంటూ కారు స్తంభం చుట్టూ తిరిగింది. ఇంతకుముందు ఆగిపోయేంతసేపు దాటినా తిరుగుతూనే ఉంది. బ్యాటరీ అయిపోయాకే నిలిచింది. ఆమె వంగి వేళ్ళ వెనక భాగం మోటారుకి ఆనించింది. వెచ్చగా ఉంది, అంతే.

అన్న రిమోట్‌ని అరుగు మీద పెట్టాడు. "ఆ చప్పుడు మాత్రం నాకు నచ్చలేదు" అన్నాడు.

"అలవాటు పడు" అంది చెల్లెలు, మీటరు సంచిలో సర్దుకుంటూ.

వదిన తలుపు దగ్గర నిలబడి ఉంది. డిపో గదిలో పనైతే పొద్దెక్కాక వెళ్ళినా సరిపోతుంది. ఆవరణలో బస్సు తోలి చూడాలంటే బస్సులన్నీ రోడ్డెక్కకముందే వెళ్ళాలి.

"రేపు ఎన్నింటికి లేపమంటారు?"

అతను ఎడమ చేతి వేళ్ళు ఒకసారి ముడిచాడు.

"మొదటి బస్సు కదిలే వేళకి అక్కడుండాలి" అన్నాడు.